షేల్ కూలిన ప్రతిచోటా ఉబ్బే కారణం కాదు

సంపాదకులకు,

ఆర్యా,

చమురు బావుల తవ్వకంపై మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో, షేల్ (బంకమన్ను గట్టిపడి ఏర్పడిన పలకల రాయి) పొరల్లో బావి గోడ చెడిపోవడానికి కారణం రాయి నీరు పీల్చి ఉబ్బడమేననీ, మడ్‌లో, అంటే తవ్వేటప్పుడు బావిలో తిప్పే ద్రవంలో, పొటాషియం క్లోరైడ్ కలిపితే బెడద తీరుతుందనీ రాశారు. చాలాకాలం రిగ్గుల మీద మడ్ చూసుకున్నవాడిగా, ఇందులో సగమే నిజమని చెప్పక తప్పడం లేదు.

నీటికి ఉబ్బేది ప్రధానంగా షేల్‌లోని స్మెక్టైట్ జాతి బంకమన్ను. దాని రేకు మందం సుమారు 1 నానోమీటరు. రేకుల నడుమ సోడియం అయాన్లు ఉంటే నీరు చొరబడి వాటిని ఎడం చేస్తుంది. పొటాషియం అయాను నీటిని అంత గట్టిగా పట్టుకోదు సరికదా, రేకు మీద ఉండే ఆరుమూలల గుంటలో చక్కగా ఇమిడి రేకులను దగ్గరగా బిగించి ఉంచుతుంది. అయితే లోతుకు వెళ్లేకొద్దీ వేడికి స్మెక్టైట్ క్రమంగా ఇల్లైట్ అనే మరో బంకమన్నుగా మారుతుంది. ఇల్లైట్ అధికంగా ఉన్న షేల్ పెద్దగా ఉబ్బదు. పెళుసుగా విరిగి బావిలోకి రాలుతుంది. అక్కడ కావలసింది తగినంత మడ్ బరువు (సాంద్రత), సన్నని పగుళ్లను పూడ్చే పదార్థాలు.

ఏది ఏ షేలో ముందే తేల్చుకోవచ్చు. రాతిపొడిని నీటిలో కలిపి, మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు ద్రావణాన్ని కొద్దికొద్దిగా చేరుస్తూ, ప్రతిసారీ ఒక చుక్కను వడపోత కాగితం మీద పెడతాం. ముదురు మచ్చ చుట్టూ లేత నీలి వలయం కనిపించి, మరి రెండు నిమిషాలు కలిపాక కూడా నిలిచిందంటే, మన్ను ఇక రంగు పీల్చలేదన్నమాట. ఈ లెక్కన 100 గ్రాముల స్మెక్టైట్‌కు సుమారు 80 నుంచి 150, ఇల్లైట్‌కు 10 నుంచి 40 మిల్లీ ఈక్వివలెంట్లు (అయాన్లను పట్టుకునే శక్తికి కొలత) వస్తాయి. రాతి ముక్కలను వాడబోయే మడ్‌లో వేసి, వేడి ఓవెన్‌లో 16 గంటలు దొర్లించి, ఎంత రాయి చెదిరిపోయిందో తెలియడానికి మిగిలినవి తూచే పరీక్ష మరొకటి. ఈ పరీక్షలకు ఎండబెట్టిన ముక్కలు ఇచ్చి భూగర్భంలోని రాయి గుణం చెప్పమనడం మాత్రం నాకెన్నడూ నచ్చలేదు. తేమ పోయిన షేల్ వేరే రాయిలా ప్రవర్తిస్తుంది.

నేను పనిచేసిన ఒక బావిలో పైపు పైకి లాగేటప్పుడు పట్టేస్తుంటే, ఉబ్బేనని నిర్ణయించుకుని మూడు రోజులు పొటాషియం పెంచుతూ పోయాం. నిజంగా ఉబ్బే షేలైతే షేకర్ (పైకి వచ్చిన మడ్ నుంచి రాతి ముక్కలను వేరుచేసే జల్లెడ) మీదకు చేతికంటుకునే మెత్తని ముద్దలు రావాలి. మాకు వచ్చినవి వేలెడు పొడవున, చీల్చిన కట్టెపుల్లల్లాంటి ముక్కలు. రాతిలోని ద్రవపీడనం మా మడ్ పీడనాన్ని మించిపోయిందని అవి మొదటి రోజు నుంచే చెబుతున్నాయి. మడ్ బరువు పెంచాకే పైపు కదిలింది.

చమురు ఆధారిత మడ్ వాడినా పరీక్ష తప్పదు. అందులోని నీటి బిందువుల్లో కాల్షియం క్లోరైడ్ చాలకపోతే, నీరు షేల్‌లోకే నడుస్తుంది.

కాబట్టి వ్యాసంలోని ఆ వాక్యానికి, ఉబ్బే గుణం పరీక్షలో తేలిన షేల్‌కే పొటాషియం మందు అని సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక మడ్ ఇంజినీరు