సంతకం లేని వాంగ్మూలం

తెనాలి,
ఆదివారం

చి. సిరికి నాన్న దీవించి రాయునది. ఇక్కడ మేమిద్దరం కులాసా. నువ్వు పంపిన నవల ప్రింటు తీయించాను, ఫోన్లో చదివితే కళ్ళు మండుతున్నాయి. రెండు రాత్రుల్లో పూర్తి చేశాను. మీ అమ్మ మాత్రం చివరి పేజీ ముందే చదివేసి "హంతకుడు బావేనని నాకు తెలుసు" అంది. ఆవిడ ఏ పుస్తకమైనా అలాగే చదువుతుంది, పట్టించుకోకు.

ప్రేమకథ బాగుందమ్మా. కానీ ఇన్నేళ్ళు స్టేషన్ రైటర్‌గా కాగితాలు రాసిన చెయ్యి కదా, పెన్సిల్ తీయకుండా ఉండలేకపోయింది.

చిన్నవి ముందు చెప్పేస్తాను. కథ నిరుడు జరిగినట్టు రాసి ఎఫ్ఐఆర్‌లో పాత ఐపీసీ సెక్షన్ 302 వేశావు. 2024 జులై 1 నుంచి హత్యకు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 103. కొత్త చట్టంలో 302 అంటే మతపరమైన మనోభావాలను గాయపరిచే మాటలనడం! శవాన్ని ఎదురుగా పెట్టుకుని నీ హీరో ఎవరో ఎవరి దేవుణ్ణో తిట్టారని కేసు కట్టాడన్నమాట. ఇంకోటి, మన దగ్గర హత్య కేసు దర్యాప్తు సీఐ చేతిలో ఉంటుంది. ఎస్సై కేసు కట్టి, శవం దగ్గరికి ఎవర్నీ రానివ్వకుండా చూసి, పైకి కబురు పెడతాడు. హీరో ఎస్సైగానే ఉండాలంటే ఉండనీ, పైన ఒక సీఐని పెట్టు. ప్రేమలో పడ్డవాడి వెనకాల పైఅధికారి నిలబడి ఉంటే టెన్షన్ దానంతటదే వస్తుంది. ఇక క్లైమాక్స్‌లో బావ లాకప్‌లో నేరం ఒప్పుకుంటాడు, కేసు అయిపోతుంది. అవ్వదు తల్లీ. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. వాడు చెప్పిన చోట కత్తి దొరికితే ఆ మేరకు పనికొస్తుంది. కాబట్టి ఆ సీను లాకప్‌లోంచి తీసి, కత్తి దొరికే చెరువుగట్టు మీద పెట్టు.

ఇప్పుడు అసలు సంగతి. రాత్రి పదింటికి అమ్మాయిని స్టేషన్‌కి పిలిపించి, వాంగ్మూలం రాసుకుని, సంతకం పెట్టేటప్పుడు పెన్ను దగ్గర వేళ్ళు తగిలించావు. నీకు బాగా ఇష్టమైన సీను అదేనని తెలుస్తూనే ఉంది. సాక్ష్యం కోసం ఆడవాళ్ళను స్టేషన్‌కి రమ్మని పిలిపించకూడదు, పోలీసులే వాళ్ళ ఇంటికి వెళ్ళాలి. పైగా పోలీసులు రాసుకున్న సాక్షి వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదు. పెన్ను పోయిందని బాధపడకు. నేను కళ్ళారా చూసిందొకటి చెప్తాను.

1994లో పల్నాడు వైపు పనిచేస్తున్నాను. ఒక ఊళ్ళో హత్య జరిగింది. నిందితుడు గోడ దూకి పారిపోతుంటే చూసింది పక్కింటి అమ్మాయి. ఇంట్లోనే మిషను కుట్టేది. తెల్లారి చూరు కింద మంచం వాల్చారు, సీఐ గారు అడుగుతుంటే నేను రాశాను. అమ్మాయి తల ఎత్తకుండా చెప్పింది, కానీ ఒక్క మాట తడబడలేదు. మా ఎస్సై కొత్తగా వచ్చిన కుర్రాడు, వేపచెట్టు కింద నిలబడి విన్నాడు. అంతే.

తర్వాత ఆయన ఆ ఊరు వెళ్తూ వచ్చాడు. ఎస్సై గడప దాటితే జీడీలో, అంటే స్టేషన్ జనరల్ డైరీలో, ఎంట్రీ పడాలి. ఎన్ని గంటలకు, ఏ కేసు మీద, ఎక్కడికి అని. రాసేవాణ్ణి. రాయొద్దని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. మూడోసారి తిరిగొచ్చినప్పుడు చూశాను, నెల రోజులుగా ఊడిపోయి ఉన్న జేబు గుండీ చొక్కాకి వచ్చి చేరింది. ఖాకీ మీద నల్లదారం. దానికి జీడీలో గడి లేదు కాబట్టి రాయలేదు.

రెండేళ్ళకు సెషన్స్ కోర్టులో విచారణకు వచ్చింది. డిఫెన్స్ లాయరు మా జీడీ తెప్పించాడు. "ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళారు?" అన్నాడు. బోనులో ఎస్సై గుర్తు లేదన్నాడు. "ఇందులో అయిదుసార్లు ఉంది. వాంగ్మూలం ఒక్కటే ఉంది. మిగతా నాలుగుసార్లు ఏం రాసుకున్నారు?" మా ఎస్సై నోరు పెగల్లేదు. గొంతు పెంచకుండా మెల్లిగా అడిగాడు ఆ లాయరు, అలాంటివాళ్ళతోనే భయం.

వాంగ్మూలం మీద తారీఖు మొదటి రోజుదే. కానీ అది కోర్టుకు చేరింది చార్జిషీటుతో పాటు. సంతకం ఉండదు కదా, తర్వాత కూర్చుని రాసుకున్నారు, అమ్మాయికి నేర్పారు అన్నాడు. ఆ అమ్మాయి చెప్పింది నిజం. ఎస్సై ఆమెతో ఒక్క మాటైనా మాట్లాడకముందే ఆ మాటలు రాసింది ఈ చెయ్యే. కేసు కొట్టేశారు. బయట మెట్ల మీద చనిపోయినవాడి తల్లి నా చెయ్యి పట్టుకుని "ఏమన్నారు బాబూ లోపల?" అంది. తీర్పు కాపీ రావాలమ్మా అని తప్పుకున్నాను.

నీ హీరో మూడొందల పేజీల్లో ఒక్క కాగితం కూడా పాడు చేసుకోలేదు. హాయిగా ప్రేమించాడు, హాయిగా హంతకుణ్ణి పట్టుకున్నాడు. అమ్మాయి సాక్షి అయినప్పుడు ఆయన వెళ్ళిన ప్రతిసారీ కేసుకి ఒక చిల్లు పడుతుంది. ఆయనకు తెలుసు, అయినా వెళ్తాడు. అది రాయి. గుండీ కావాలంటే వాడుకో.

మా ఎస్సైకి బదిలీ అయింది. ఏడాది దాటాక స్టేషన్ అడ్రసుకి నా పేరు మీద పెళ్ళి కార్డు వచ్చింది. వధువు పేరు, తండ్రి పేరు, ఊరు చదివాను. వయసు, వృత్తి ఆ కార్డులో లేకపోయినా నాకు తెలుసు.

మిగతా తప్పులు మార్జిన్లలో రాశాను. ఆ కట్టా, ఆవకాయ సీసా కలిపి రేపు కొరియర్‌లో వేస్తాను. సీసా నిలబెట్టి ఉంచు, పోయినసారి నూనంతా కారింది.

నాన్న