చిన్నా, ఒక్కసారి ఫోన్ చెయ్యి

చిన్నా,

ఎలా ఉన్నావ్ రా. వాట్సాప్‌లో నేను పెట్టినవాటికి నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబే రావట్లేదు, సరేలే ఆఫీసు పని ఎక్కువేమో అని ఇలా తీరిగ్గా రాస్తున్నా. ఇక్కడ అందరం బానే ఉన్నాం. నాన్న షుగర్ కంట్రోల్‌లోనే ఉంది, సీతాఫలాలు తినొద్దంటే మాత్రం వినట్లేదు. అక్కడ పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన అంటావుగా, జర్కిన్ బ్యాగ్‌లో పడేసుకుని వెళ్ళు.

సుధ పిన్ని వాళ్ళ కిరణ్ మాటల్లో అన్నాడట, మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందెం రోజు ఫ్లెమింగ్టన్ రేసుకోర్సులో కనిపించావని. కనిపిస్తే ఏమైంది, నవంబర్ మొదటి మంగళవారం ఊరంతా సెలవేనటగా. నేనేం అనట్లేదు. ఫోన్ చూసుకుంటూ ఒకటే అరుస్తున్నావన్నాడట, అదీ సంగతి.

అందుకని కాదుగానీ, మధ్యాహ్నం నిద్ర పట్టక యూట్యూబ్‌లో ఫ్లెమింగ్టన్ అని కొట్టా. బ్లాక్ కేవియర్ అనే ఆడగుర్రం వచ్చింది. నీకు తెలిసే ఉంటుందిలే, మీ ఊరిదేగా. 2009లో ఆ ఫ్లెమింగ్టన్‌లోనే మొదటి రేసు, 2013లో మానేసేదాకా 25 సార్లు పరిగెడితే 25 సార్లూ గెలిచింది! జాకీ ల్యూక్ నోలెన్ చొక్కా లేత గులాబీ రంగు మీద నల్ల చుక్కలు, మన అక్క చిన్నప్పటి గౌను గుర్తొచ్చింది. 2012లో దాన్ని విమానం ఎక్కించి ఇంగ్లండ్ ఆస్కాట్‌కి తీసుకెళ్ళారు, అంత ప్రయాణం కదా, కండరాలు పట్టేయకుండా ఒళ్ళంతా బిగుతుగా ఉండే సూట్ కుట్టించి తొడిగారట, నువ్వేమో మొన్న పదహారు గంటల ప్రయాణానికి సాక్సులు కూడా వేసుకోలేదు. సరే, ఆ రేసు చూశా. ముందంతా హాయిగానే వస్తోంది, గీత ఇంకా కాస్త దూరం ఉండగా ఆ జాకీ ఇంక గెలిచేశాం అనుకుని దాన్ని తోలడం ఆపేశాడు, గుర్రం కూడా మెల్లగైపోయింది, పక్కనించి మూన్‌లైట్ క్లౌడ్ అనేది వచ్చేస్తోంది, నేనిక్కడ సోఫాలో లేచి నిలబడ్డా, నాన్న ఏమైందే అని పరిగెత్తుకొచ్చారు. చివరికి తలకాయంత తేడాతో గెలిచింది. తీరా చూస్తే దాని కండరం చిరిగి ఉందట. నోరు లేని జీవం, నెప్పని ఎవరికి చెప్పుకుంటుంది. నోరున్నవాళ్ళే చెప్పట్లేదు.

ఇందులో నాకు నచ్చిందేంటంటే, అది ఎలాగూ గెలుస్తుందని అందరికీ తెలుసు కాబట్టి బుకీలు ఏమీ ఇచ్చేవాళ్ళు కాదు. కొన్ని రేసుల్లో వంద డాలర్లు పెడితే అయిదు డాలర్లు కూడా లాభం రాలేదట. జనం చిన్న టికెట్ కొనుక్కుని, గెలిచినా డబ్బు తీసుకోకుండా గుర్తుగా దాచుకున్నారట. అంటే ఓడిపోని గుర్రం మీద పెట్టినా రాలేదు, ఇంక మిగతా గుర్రాల మీద ఏమొస్తుంది? లెక్కల్లో నీకు 98 వచ్చింది, నేను చెప్పాలా. ఇప్పుడు మలక్‌పేట రేసుకోర్సు దాకా వెళ్ళక్కర్లేదు, మంచం మీద పడుకునే పోగొట్టుకోవచ్చట. మొదట ఊరికే సరదాకి అంటారు, తర్వాత పోయింది రాబట్టుకుందాం అంటారు, మా పెద్దన్నయ్య నోట ఈ రెండు మాటలూ విన్నా, దొడ్డి వైపు స్థలం ఏమైందో నీకు తెలుసు. లెక్చర్ ఇవ్వకూడదని అనుకునే మొదలుపెట్టా, సరే వదిలెయ్.

పప్పన్నం అయినా వండుకుంటున్నావా? కందిపొడి, కరివేపాకు పొడి చేసిపెట్టా, వచ్చే నెల కిరణ్ వాళ్ళమ్మ వస్తోంది, ఇచ్చి పంపిస్తా. వాడు చెప్పాడని వాడితో గొడవ పెట్టుకోకు. జుట్టు కత్తిరించుకో.

ఆదివారం పొద్దున నాన్న వాకింగ్‌కి వెళ్ళాక చెయ్యి, ఇక్కడ ఆరున్నర. నీ అకౌంట్ స్క్రీన్‌షాట్ ఒకటి పంపు, పది డాలర్లే ఉన్నా పర్లేదు, తిట్టను. అద్దెకి తక్కువైతే నా చీటీ డబ్బులున్నాయి, నాన్నకి చెప్పన్లే.

అమ్మ