కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: మా కాలువ నీళ్లు ఒక్కసారి చూడండి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

గోదావరి డెల్టాలో ఒక శివారు ఊరి నుంచి రాస్తున్నాను. సోమవారం గ్రీవెన్స్‌లో మూడుసార్లు అర్జీ ఇచ్చాను. రసీదులున్నాయి, జవాబు లేదు. అందుకే నలుగురి ముందు రాయాల్సి వస్తోంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మా పొలానికీ, గొంతుకీ కాలువే ఆధారం. సముద్రం దగ్గర కాబట్టి బోరు వేస్తే ఉప్పునీళ్లే. మంచినీటి చెరువు నిండాలన్నా ఈ కాలువే నింపాలి. అదే కాలువలోకి రాత్రి పదకొండు దాటాక రొయ్యల చెరువుల మురుగు తోడిపోసే మోటార్లు మొదలవుతాయి. తెల్లారేసరికి రేవు మెట్ల మీద నల్లటి జిగురు, గుర్రపుడెక్క మధ్య ఇరుక్కున్న చచ్చిన కోళ్లు. (కోళ్లు మాత్రం మా ఊరివాళ్లు వేసినవే, ఒప్పుకుంటున్నాను.)

మా అమ్మ బిందెకు పాత పంచె నాలుగు మడతలు కట్టి వడగడుతుంది. బట్ట మీద పచ్చటి నాచు మిగులుతుంది, వాసన మాత్రం నీళ్లలోనే ఉండిపోతుంది. కొనగలిగినవాళ్లు టిన్ను నీళ్లు కొంటున్నారు. కూలికెళ్లే ఇళ్లలో పిల్లలు ఒళ్లంతా గోక్కుంటున్నారు.

1974 నాటి జల కాలుష్య చట్టం 24వ సెక్షన్ ఇలా కాలువలోకి మురుగు వదలడాన్ని నిషేధిస్తోంది. కొత్త చట్టం అడగడం లేదండి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఆ చెరువుల తూములు, పైపులు తీయించండి. మంచినీటి చెరువు నీళ్లను నెలనెలా పరీక్ష చేయించి, ఫలితాన్ని మా ఊరి సచివాలయం గోడకు అంటించండి. జూన్‌లో నీళ్లు వదిలేలోపు ఇది జరగాలి.

ఇట్లు,
కాలువ చివరి ఊరి రైతు