గరాటుకు పట్టిన బాణసంచా మందును తేలిగ్గా తీసుకోవద్దు

సంపాదకుల వారికి,

దీపావళి వస్తోందంటే చిత్తూరు జిల్లాలోని లైసెన్సు బాణసంచా షెడ్లలో పని జోరందుకుంటుంది. గొట్టాల్లో మందు నింపే ప్లాస్టిక్ గరాటు లోపలి గోడకు బాణసంచా మందు (బ్లాక్ పౌడర్) నూగులా పట్టుకుని, ఎంత తట్టినా రాలదు. కారణం తేమ కాదు, స్థిర విద్యుత్తు. పొడిబట్టతో తుడిస్తే రాపిడికి అది ఇంకా పెరుగుతుంది. పట్టిన మందు తర్వాతి గొట్టంలోకి ఒక్కసారిగా జారితే కొలత తప్పుతుంది. నిప్పురవ్వ పుడితే ప్రాణాలే పోతాయి.

విదేశాల్లో ఇంట్లో తూటాలు నింపుకునేవారు ప్లాస్టిక్ గరాటును సబ్బునీటిలో ముంచి, తుడవకుండా ఆరబెడతారు. వాళ్లు వాడేది స్థిర విద్యుత్తును తగ్గించే గ్రాఫైట్ పూత ఉన్న, తూటాల్లో నింపే పొగలేని మందు. బ్లాక్ పౌడర్‌కూ అదే చాలనుకోవడం పొరపాటు.

ఇక్కడ ఇత్తడి గరాటే వాడాలి, రాగి తీగతో ఎర్తు చేయాలి. ఇత్తడిదే కదా అని ప్లాస్టిక్ స్టూలు మీద పెడితే లాభం లేదు, ఎర్తు లేని లోహం ఛార్జిని దాచుకుని ఒక్కసారిగా వదులుతుంది. ఎర్తు నిరోధం 10 లక్షల ఓమ్‌లు దాటకూడదు. ఒంటిమీద నూలు బట్టలే ఉండాలి. లోపలికి అడుగుపెట్టే ముందు ఎర్తు చేసిన రాగి పలకను ముట్టుకోవాలి.

తనిఖీకి వచ్చే అధికారులు కాగితాలతో సరిపెట్టకుండా మీటరు పెట్టి ఆ ఎర్తును కొలవాలని కోరుతున్నాం.

– కొందరు పాఠకులు, చిత్తూరు