పీహెచ్‌డీ తర్వాత దారి చూపేవారేరీ?

సంపాదకులకు నమస్కారం.

పత్రికల ఉద్యోగాల పేజీల్లో పోటీ పరీక్షలకు దొరికే చోటు పీహెచ్‌డీ పూర్తిచేసిన వారికి దొరకడం లేదు. పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత కొంతకాలం చేసే పరిశోధన ఉద్యోగాలకు ఉమ్మడి పరీక్ష లేదు, ఒకే నోటిఫికేషనూ ఉండదు. ప్రొఫెసర్‌కు పరిశోధన గ్రాంటు డబ్బు మంజూరైనప్పుడు ఖాళీ పుడుతుంది. ఎన్నోసార్లు ప్రకటన వెలువడేలోపే తెలిసినవారితో నిండిపోతుంది. నాకిది ఆలస్యంగా తెలిసింది. ఒకే ఉత్తరాన్ని పేర్లు మార్చి అరవై మంది ప్రొఫెసర్లకు పంపాను. ఒక్క జవాబూ రాలేదు. చివరికి ఒకరి పరిశోధన పత్రం మొత్తం చదివి, మూడో పటంలో ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ గీత ఎందుకు వంగిందని అడుగుతూ, నా కొలతలు జతచేసి రాశాను. రెండు రోజుల్లో పిలుపు వచ్చింది.

అర్హతల సంగతీ ముందే తెలియాలి. ఐరోపా సమాఖ్య ఇచ్చే మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ ఫెలోషిప్‌కు, 2024 నిబంధనల ప్రకారం, పీహెచ్‌డీ తర్వాత పరిశోధనానుభవం 8 ఏళ్లు దాటకూడదు. వెళ్లదలచిన దేశంలో, దరఖాస్తు గడువుకు ముందరి 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండకూడదు. ఇది తెలియక అవకాశం పోగొట్టుకున్న మిత్రులున్నారు. ఐరోపాలోని పరిశోధన ఉద్యోగాలు చూపే యూరాక్సెస్ పోర్టల్‌లో ఖాళీలు ఉచితంగా చూడవచ్చనీ చాలామందికి తెలియదు.

మరో బాధ. కొన్ని ప్రకటనల్లో జీతం, ఒప్పంద కాలం రాయనే రాయరు. కుటుంబాన్ని వదిలి వెళ్లే మనిషికి అది ఒక ఏడాదా, మూడేళ్లా అన్నది ఎంతో ముఖ్యం. ఆ రెండూ ప్రకటనలోనే ఉండాలని పరిశోధన సంస్థలను మీ పత్రిక గట్టిగా అడగాలి. నెలకొకసారైనా ఫెలోషిప్‌ల గడువు తేదీలు ప్రచురించండి.

– ఒక పోస్ట్‌డాక్ పరిశోధకురాలు