వార్షిక నివేదిక: హరిత భవన ధ్రువీకరణ, ఆవరణ రూపకల్పన

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశంలో మీరు అప్పగించిన ప్రకారం, మనం కట్టబోయే సంఘ భవనానికి హరిత భవన ధ్రువీకరణ తీసుకుంటే దాని ఆవరణ రూపకల్పన ఎలా మారుతుందో మన ఉపసంఘం ఈ ఏడాదంతా అధ్యయనం చేసింది. జమాఖర్చుల పట్టికను వేరుగా జతచేశాం.

భవన నిర్మాణంలో తోట పని చాలాకాలంగా చిట్టచివరిదిగానే ఉంటూ వచ్చింది. గోడలు లేచి, రంగులు వేశాక మిగిలిన నేలలో పచ్చిక పరిస్తే ఆ పని అయిపోయినట్టే. భవనాలకు పాయింట్ల లెక్కన హరిత ధ్రువీకరణ పత్రం ఇచ్చే లీడ్ (LEED) విధానపు నాలుగో వెర్షన్ నిబంధనల ప్రకారం అది చెల్లదు. స్థలంలో కనీసం 30 శాతం ఆరుబయలుగా వదిలి, అందులో నాలుగో వంతులోనైనా మొక్కలో చెట్ల నీడో ఉంటేనే ఆ అంశానికి పాయింటు దక్కుతుంది. ఉత్త పచ్చిక ఆ లెక్కలోకి రాదు. తోటకు నీరు అత్యధికంగా కావలసిన నెలలో వాడకాన్ని ప్రామాణిక అంచనా కంటే 30 శాతమైనా తగ్గించడం, లేదా శాశ్వత నీటి ఏర్పాటు అవసరం లేని మొక్కలు నాటడం అసలు అర్హతకే షరతు. వాన నీటిని స్థలంలోనే ఇంకించడానికి, ఎండ వేడిని తక్కువగా పీల్చుకునే లేతరంగు నేల పరుపుకు వేరుగా పాయింట్లు ఉన్నాయి.

వీటన్నిటినీ పరిశీలించాక, ఆవరణకు రూపకల్పన చేసే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టును మొదటి ప్లాను గీసే దశలోనే నియమించాలని ఉపసంఘం గట్టిగా కోరింది. సెల్లారు కోసం స్థలమంతా తవ్వేస్తే, ఆ సెల్లారు పైకప్పు మీద పోసిన పలుచని మట్టిలో పెద్ద చెట్టు వేళ్లు దిగవు, వాన నీరు భూమిలోకి ఇంకే దారీ ఉండదు; ఆ తరువాత ఎంత సమర్థులు వచ్చినా కుండీలు అమర్చడానికి మించి చేయగలిగేది తక్కువ.

కార్యవర్గాన్ని కలవరపెట్టిన అంశం ఒకటుంది. కొత్త నిర్మాణానికి ఇచ్చే లీడ్ పత్రానికి గడువు లేదు కనుక, నాటిన మొక్కలు మూడేళ్ల తరువాత బతికి ఉన్నాయా అని ఎవరూ వచ్చి చూడరు. ఆవరణకే ప్రత్యేకించిన సైట్స్ విధానంలో మాత్రం మట్టి సంరక్షణ ప్రణాళిక, నిర్వహణ ప్రణాళిక రెండూ తప్పనిసరి. అందులో 200 పాయింట్లకు 70 వస్తే కనీస ధ్రువీకరణ లభిస్తుంది. రెండు ధ్రువీకరణల రుసుము సంఘానికి భారమే కనుక, సైట్స్‌కు దరఖాస్తు చేయకపోయినా ఆ రెండు ప్రణాళికలను నిర్మాణ ఒప్పందంలో చేర్చాలని తీర్మానించాం.

మొదటి మూడేళ్లు తోట పోషణ బాధ్యత, చనిపోయిన మొక్కల స్థానంలో కొత్తవి నాటే బాధ్యత గుత్తేదారుదేనన్న షరతును కూడా ప్రతిపాదిస్తున్నాం. దీనిపై మీ అభిప్రాయాలను సర్వసభ్య సమావేశానికి ముందే లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాం.