‘రాజకీయ విశ్లేషకులు’ ఎవరి తరఫో కూడా అచ్చేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఎడిట్ పేజీలో వ్యాసం అయిపోయాక కింద సన్నటి అక్షరాల్లో ‘వ్యాసకర్త రాజకీయ విశ్లేషకులు’ అని ఉంటుంది. ఒక్కోసారి ‘సీనియర్ జర్నలిస్టు’ అని, ఇంకోసారి ‘సామాజిక కార్యకర్త’ అని. ఈ ఉత్తరం ఆ రెండు ముక్కల గురించి. ఆ రాసినాయన నిన్నమొన్నటి దాకా ఒక పార్టీ అధికార ప్రతినిధి అయ్యుండొచ్చు. ఒక ప్రభుత్వంలో సలహాదారుగా జీతం తీసుకుని ఉండొచ్చు. నామినేటెడ్ పదవిలో కూర్చుని, ప్రభుత్వం మారాక దిగిపోయి ఉండొచ్చు. ఇందులో ఏదీ తప్పు కాదు. పాఠకుడికి చెప్పకపోవడమే తప్పు. చిత్తూరు కోర్టులో ఏ వకీలైనా వకాలత్ వేశాకే వాదన మొదలుపెడతాడు. ఎవరి తరఫున మాట్లాడుతున్నాడో జడ్జికీ తెలుసు, ఎదుటి పక్షానికీ తెలుసు. మన విశ్లేషకులు మాత్రం వకాలత్ జేబులో పెట్టుకుని జడ్జి కుర్చీలో కూర్చుంటున్నారు.

తిరుపతిలో ఏ టీ అంగడి దగ్గర నిలబడినా ‘ఆ పేపరు వాళ్లది, ఈ ఛానల్ వీళ్లది’ అని క్షణంలో తేల్చేస్తారు. అంతటితో పాఠకుడు జాగ్రత్తపడ్డాడని మీరు అనుకుంటే పొరపాటు. పత్రిక ఎవరిదో తెలిసినంత మాత్రాన ఈరోజు ఈ వార్తలో ఏది జరిగిందో, ఏది కలిపిందో తెలిసిపోదు. పైగా ‘అందరూ అంతేలే’ అని స్థిరపడిన పాఠకుడు, మీరు నిజంగా కష్టపడి తెచ్చిన వార్తను కూడా నమ్మడు. ఆ నష్టం ముందు మీదే.

తెలుగు వార్తలో పక్షపాతం ఎక్కువగా వాక్యం చివర దాక్కుంటుంది. మన భాషలో క్రియ ఉండేది అక్కడే. నాయకుడు ఒక మాటంటే ‘అన్నారు’, ‘చెప్పారు’ అని రాస్తే చాలు. ‘స్పష్టం చేశారు’, ‘వెల్లడించారు’ అని రాశామంటే ఆయన చెప్పింది నిజమేనని డెస్కు, అంటే వార్తలు దిద్ది పేజీకెక్కించే విభాగం, ముద్ర కొట్టినట్టే. ‘ఆరోపించారు’ అంటే రుజువు ఇంకా లేదని గుర్తుచేసినట్టు. ‘బుకాయించారు’, ‘అక్కసు వెళ్లగక్కారు’ అంటే తీర్పు చెప్పి ఫైలు మూసేసినట్టు. ఒకే రోజు ఒకే పేజీలో మంత్రి ‘స్పష్టం చేస్తారు’, ప్రతిపక్ష నాయకుడు ‘అక్కసు వెళ్లగక్కుతారు’. ఇద్దరి మాటకూ ఆధారం ఒక్కటే, ప్రెస్‌మీట్. మీ జిల్లా ఎడిషన్ ప్రతులు వరసగా ఏడు రోజులవి తీసుకుని, రాజకీయ వార్తల్లో ఇలాంటి క్రియల కింద పెన్నుతో గీయండి. పార్టీల వారీగా రెండు వరసల్లో రాయండి. ‘అన్నారు’లు ఒకవైపు, ‘దుయ్యబట్టారు’, ‘నిప్పులు చెరిగారు’లు మరోవైపు పేరుకుంటే సంగతి అర్థమైపోతుంది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది కాబట్టి, అంతకు ముందరి నెలల ప్రతులు, తర్వాతివి పక్కపక్కన పెట్టి చూడండి. పదవులతో పాటు క్రియలు కూడా చేతులు మారాయా లేదా అన్నది మీ డెస్కు ఇన్‌చార్జి గంటలో చెప్పగలడు.

‘జరిగింది’ అన్న మాట కూడా అలాంటిదే. మనవాళ్లు అధికారంలో ఉంటే ‘లాఠీఛార్జి జరిగింది’, లేకపోతే ‘పోలీసులు విరుచుకుపడ్డారు’. మనవాళ్ల హయాంలో ‘భూములు ఆక్రమణకు గురయ్యాయి’, ఎదుటివాళ్ల హయాంలో ‘ఫలానా నేత అనుచరులు మింగేశారు’. చేసినవాడి పేరు ఎప్పుడు కనిపిస్తుంది, ఎప్పుడు మాయమవుతుంది అన్నదే చూడాలి. ‘తెలుస్తోంది’, ‘ప్రచారం జరుగుతోంది’, ‘రాజకీయ వర్గాల్లో చర్చనీయాంశమైంది’ అన్నవాటికి ఆధారం ఒక్క మనిషి ఫోన్‌కాల్ కూడా కావచ్చు, అదీ లేకపోవచ్చు. శీర్షిక చివర ప్రశ్నార్థకం పెట్టి ‘పార్టీ మారుతున్నారా?’ అనేస్తే బాధ్యత తప్పించుకున్నట్టు కాదు. శీర్షిక కింది వార్త ఆ శీర్షికను నిలబెట్టాలని, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమావళి చెబుతోంది.

క్రియలకంటే పెద్ద జబ్బు సగం కాగితం చదవడం. దానికి మన తిరుపతి నుంచే ఉదాహరణ ఉంది. శ్రీవారి లడ్డూ నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 సెప్టెంబర్ 18న అన్నారు. మర్నాడు గుజరాత్‌లోని ఆనంద్‌లో ఉన్న ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి మండలి) ల్యాబ్ నివేదిక బయటికొచ్చింది. వారాల తరబడి స్టూడియోల్లో చర్చలు నడిచాయి. ఆ నివేదికలో ఏముందో మాత్రం నిదానంగా చదివి వినిపించినవాళ్లు బహు కొద్దిమంది.

అందులో ఉన్నది ఎస్ వాల్యూ పరీక్ష. పాల కొవ్వులోని ట్రైగ్లిజరైడ్ల (కొవ్వు అణువుల) పాళ్లు కొలిచి, ఐదు సమీకరణాల్లో వేసి, ఫలితం అనుమతించిన హద్దుల్లో ఉందా లేదా చూస్తారు. హద్దు దాటితే పాల కొవ్వు కానిదేదో ఉందని అనుమానం. ఏ సమీకరణం దాటితే ఏ రకం కొవ్వు కావచ్చో అనుబంధంలో రాసి ఉంటుంది. ఒకదాని ఎదురుగా సోయా, పొద్దుతిరుగుడు, పత్తి గింజల నూనెలతో పాటు చేప నూనె. ఇంకొకదాని ఎదురుగా కొబ్బరి, పామ్ గింజల కొవ్వు. మరొకదాని ఎదురుగా పామాయిల్, గొడ్డు కొవ్వు రెండూ కలిపి. చివరిదాని ఎదురుగా పంది కొవ్వు. అంటే పామాయిలా, గొడ్డు కొవ్వా అన్నది ఆ ఒక్క సమీకరణంతో విడదీసి చెప్పడం కుదరదు. ఆవుకు పెట్టిన మేతలో తేడా ఉన్నా, సరిగా మేత లేకపోయినా, ఇంకొన్ని సందర్భాల్లోనూ హద్దు తప్పే వీలుందని కూడా అదే నివేదికలో ఉంది. పరీక్షకు వెళ్లిన నమూనాలు 2024 జులైలో వచ్చిన ట్యాంకర్లవి.

ఇప్పుడు విశ్లేషణలు ఎలా నడిచాయో చూడండి. ఒక వర్గం పట్టికలోంచి గొడ్డు కొవ్వు, పంది కొవ్వు, చేప నూనె ఏరుకుని, వాటి పక్కనే ఉన్న సోయా, పామాయిల్ వదిలేసింది. ‘కావచ్చు’ను ‘ఉంది’గా మార్చింది. రెండో వర్గం ‘హద్దు తప్పే వీలుంది’ అన్న ఒక్క పేరా పట్టుకుని, నమూనా హద్దులు దాటిందన్న అసలు ఫలితాన్నే దాటేసింది. కాగితం ఒకటే. చెరో సగం పట్టుకుని ఊపారు. రెండు సగాలూ పక్కపక్కన పెట్టడానికి పత్రికలో అర పేజీ, టీవీలో నాలుగు నిమిషాలు చాలు. సెప్టెంబర్ 30న సుప్రీంకోర్టు దేవుణ్ణి రాజకీయాలకు దూరంగా ఉంచమని చెప్పాల్సి వచ్చింది. అక్టోబర్ 4న సీబీఐ నుంచి ఇద్దరు, రాష్ట్ర పోలీసుల నుంచి ఇద్దరు, ఆహార భద్రత సంస్థ నుంచి ఒకరితో స్వతంత్ర దర్యాప్తు బృందాన్ని వేసింది. కొండకు వచ్చే భక్తుడి మనసు నలిగిన వ్యవహారం అది. అందులో కూడా ఒక కంట వెన్న, ఒక కంట సున్నం పెట్టినవాళ్లను నిష్పక్షపాత విశ్లేషకులని ఎలా పిలుస్తాం?

అంకెల్లో ఎక్కువ సాగదీసేది సభల జనాన్ని. ఒకే సభ ఒక ఛానల్లో ‘జనసంద్రం’, ఇంకో ఛానల్లో ‘ఖాళీ కుర్చీలు’. లెక్క కష్టమేమీ కాదు. వదులుగా నిలబడిన జనంలో మనిషికి సుమారు 10 చదరపు అడుగులు, ఒత్తుగా ఉంటే నాలుగున్నర చదరపు అడుగులు పడతాయి. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. అంటే సెంటుకు వదులుగా 43 మంది, ఒత్తుగా 97 మంది. ఎకరాకు దగ్గర దగ్గర 4,350 నుంచి 9,700. ఈ లెక్కన ఐదెకరాల మైదానం అంచుల దాకా ఒత్తుగా నిండినా 50 వేలు దాటదు. రోడ్‌షో అయితే 60 అడుగుల రోడ్డు మీద అర కిలోమీటరు నిండా జనం ఒత్తుగా ఉన్నా దాదాపు 22 వేలు. అందులో కాన్వాయ్, డివైడర్, ఫ్లెక్సీలు కట్టిన చోటు తీసేయాలి. విలేకరి మైదానం విస్తీర్ణం రెవెన్యూ వాళ్లను అడిగి ఒకసారి రాసిపెట్టుకుంటే ఐదేళ్లు పనికొస్తుంది. ఇక ఫొటో సంగతి. వేదిక మీంచి జూమ్ లెన్స్‌తో తీస్తే ముందు వరసలూ వెనక వరసలూ దగ్గరికి జరిగి ఇసుక వేస్తే రాలనట్టు కనిపిస్తుంది. సభ మొదలు కాకముందు డ్రోన్ ఎగరేస్తే అదే మైదానం బోసిగా ఉంటుంది. ఫొటో కింద ఏ సమయానికి తీశారో రాయండి. ఆ ఒక్క వివరంతో సగం గారడీ ఆగిపోతుంది.

టీవీ చర్చలకు గడియారం ఒకటుంటే చాలు. గంటలో ప్రకటనలకు నిబంధనల ప్రకారం 12 నిమిషాలు పోతే మిగిలేది 48. నలుగురు వక్తలు, ఒక యాంకర్. ఎవరికి ఎన్ని నిమిషాలు వచ్చాయో, ఎవరిని ఎన్నో సెకనులో అడ్డుకున్నారో, బ్రేక్‌కు ముందు చివరి మాట ఎవరికి దక్కిందో రాసుకుంటూ చూడండి. ఎవరి మైకు తగ్గిస్తున్నారో చెవికే తెలుస్తుంది. అన్నిటికంటే అన్యాయం కింద నడిచే స్క్రోలింగ్. పైన చర్చ నడుస్తుండగానే కింద పెద్ద అక్షరాల్లో తీర్పు వేసేస్తారు. ఇద్దరు పార్టీలవాళ్ల పక్కన కూర్చున్న మూడో మనిషిని ‘విశ్లేషకుడు’ అని పరిచయం చేస్తారు. నిజానికి అతను మొదటివాడికి రెండో గొంతు. చూసేవాళ్లకు ఒకరికి ఒకరుగా అనిపించేది అప్పటికే ఒకరికి ఇద్దరు.

ఫిర్యాదు చేసే దారి ఉంది, కానీ మనవాళ్ల ఫిర్యాదులు ఎక్కువగా మొదటి మెట్టు దగ్గరే పడిపోతాయి. ‘మీరు పక్షపాతం చూపిస్తున్నారు’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. తేదీ, పేజీ లేదా సమయం, తప్పుపట్టే వాక్యం ఉన్నది ఉన్నట్టు, దాన్ని తప్పని చూపే కాగితం, ఈ నాలుగూ ఉండాలి. పత్రిక మీదైతే ముందు ఎడిటర్‌కే రాయాలి. జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. దినపత్రికకు గడువు అచ్చయిన రోజు నుంచి రెండు నెలలు. తెలుగు క్లిప్పింగ్ అయితే ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. ఆ విషయం మీద కోర్టులో కేసు లేదని రాసివ్వాలి. ఈ చివరి రెండూ మరిచిపోయి కాగితాలు తిరుగుటపాలో తెచ్చుకునేవాళ్లు ఉంటారు. 1978 చట్టం కింద కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా వేయలేదు. టీవీ దాని పరిధిలోకే రాదు.

టీవీ మీద ఫిర్యాదుకు 2021 జూన్‌లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చారు. ఛానల్‌కు రాస్తే అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. నచ్చకపోతే మరో 15 రోజుల్లో ఆ ఛానల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు చేయాలి. అక్కడ గడువు 60 రోజులు. యూట్యూబ్‌లో ఉందిలే అని ఊరుకోకండి. తర్వాత అది కత్తిరించి కనిపించొచ్చు. చూసిన రోజే దాచిపెట్టి నిమిషం, సెకను రాసుకోవాలి. ఎన్నికలప్పుడైతే డబ్బిచ్చి వేయించుకున్న వార్తల మీద జిల్లా కలెక్టర్ దగ్గరుండే మీడియా పర్యవేక్షణ కమిటీకి ఇవ్వొచ్చు. నిజమని తేలితే ఆ వార్త ఖర్చు అభ్యర్థి లెక్కలో పడుతుంది. 2009 ఎన్నికల తర్వాత ఈ పెయిడ్ న్యూస్ మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల కమిటీలో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి. సంస్థల పేర్లతో వాళ్లు రాసిచ్చిన పూర్తి నివేదిక వెలుగు చూడటానికి 2011 దాకా పట్టింది. పరిశ్రమ తన గురించి తాను రాసుకోవడానికి ఎంత జంకుతుందో అర్థం చేసుకోవచ్చు.

అందుకే బయటి సంస్థల కోసం చూడకుండా మిమ్మల్నే అడుగుతున్నాం. వార్తల్లో ‘అన్నారు’, ‘చెప్పారు’ తప్ప వేరే క్రియ వాడాలంటే అందుకు ఆధారం ఆ వార్తలోనే కనబడాలని డెస్కుకు చెప్పండి. మొదటి పేజీలో తప్పు రాస్తే సవరణ కూడా మొదటి పేజీలోనే వేయండి, లోపలి పేజీల్లో అంగుళం ముక్కగా కాదు.

ఇక వ్యాసాలు పంపేవాళ్ల దగ్గర ‘ఇది నా సొంత రచన, మరే పత్రికకూ పంపలేదు’ అని హామీపత్రం తీసుకుంటారు కదా. దాని కిందే మూడు ప్రశ్నలు చేర్చండి. గత ఐదేళ్లలో ఏ పార్టీలోనైనా పదవిలో ఉన్నారా? ఏ ప్రభుత్వం నుంచైనా జీతమో, గౌరవ వేతనమో తీసుకున్నారా? ఈ వ్యాసంలో పేరొచ్చిన నాయకుడికో, సంస్థకో డబ్బు తీసుకుని పనిచేశారా? వచ్చిన జవాబును ‘రాజకీయ విశ్లేషకులు’ అన్న చోట ‘2019 నుంచి 2024 వరకు ప్రభుత్వ సలహాదారు’ అనో, ‘ఫలానా పార్టీ రాష్ట్ర కార్యదర్శి’ అనో అచ్చేయండి. పట్టేది ఒక్క పంక్తి. జవాబివ్వని వాళ్ల వ్యాసం తిప్పి పంపండి.

ఇట్లు,
పత్రికల డెస్కుల్లో పనిచేసిన కొందరు పాఠకులు,
తిరుపతి